కోనీ ద్వీపమున ఒక దినము

న్యూయార్కు నగరమును చూడవచ్చిన మనవారు సామాన్యముగా స్వేచ్ఛాదేవి విగ్రహమును, ఆకాశమునంటు మేడలను చూచి, దుకాణములలో నాలుగు వస్తువులు కొని, చూడవలసినదంతయు చూచితిమనుకొని మరలిపోవుదురు. మేమును రెండు పర్యాయములు అట్లే చేసితిమి. ఈ మూడవ పర్యాయము మేము కోరి వెళ్లినది ఆ నగరమునకు దక్షిణపు టంచున, సముద్రపు టొడ్డుననున్న కోనీ ద్వీపమునకు. ఒకప్పుడు దేశదేశములలో పేరు మ్రోగిన వినోదవనములు మూడు అచ్చట నుండెడివి. ఒకటి కాలిపోయెను, మఱియొకటి కాలి మూతవడెను, మూడవదానిని పడగొట్టిరి. లేనిదానిని చూచుటకు పనిగట్టుకొని పోవుటయేమని సోదరీమణులు నవ్వవచ్చును. కారణము చెప్పెదము.

మా చెల్లెలి కుమార్తె న్యూజెర్సీలో కాపురమున్నది. నిరుడు ఆమెకు ఏడవ మాసము దాటగనే పురుడు వచ్చెను. బిడ్డ మూడు పౌనులైనను తూగలేదు. ఆఱు వారములు ఆ పసికందు ఆసుపత్రిలోని గాజుపెట్టెలోనే పెరిగెను. తల్లి ఆ పెట్టె చెంత కూర్చుండి, ప్రక్కనున్న రంధ్రముగుండ చేయి చొప్పించి, బిడ్డ అరికాలు తాకి వచ్చుటయే ఆ దినములలో ఆ యింట పురిటి వేడుక. మా చెల్లెలు మూటగట్టి తెచ్చిన కాయము డబ్బా మూత తీయకయే అలమరలో నుండిపోయెను. ఏడవ నెల బిడ్డ బ్రతుకును, ఎనిమిదవ నెల బిడ్డయే బ్రతుకదని మన పెద్దలు చెప్పెడివారుగదా. ఆ మాటను పట్టుకొని ఆమె దినములు వెళ్లబుచ్చెను. ఒకనాటి రాత్రి ఆసుపత్రి నర్సు ఒకతె, ఈ పెట్టెలు పూర్వము ఈ నగరపు ఆసుపత్రులలో దొరకెడివి కావనియు, కోనీ ద్వీపపు వినోదవనములలో ఉండెడివనియు, జనులు టిక్కెట్టు కొని లోనికి పోయి పిల్లలను చూచెడివారనియు మాటలలో చెప్పెనట. పిల్ల యిల్లు చేరి, ఒడలు నిండి, తొమ్మిదవ నెలలో పడగనే మా అమ్మాయి పట్టుపట్టెను. “దొడ్డమ్మా, ఆ చోటు చూడవలెను. దీనినిగూడ తీసికొని పోవలెను.”

అందుచే జూను మాసమున ఒక పనిదినమున చేతిబిడ్డతో నలుగురము బయలుదేరితిమి. పులిహోర, పెరుగన్నము డబ్బాలలో సర్దుకొంటిమి. మాన్‌హాటనునుండి పోవు రైలు మొదట నేలక్రింద నడచి, బ్రూక్లినులో కొంతదూరము పోయిన పిమ్మట పైకివచ్చి, ఇండ్ల మిద్దెల యెత్తున సాగును. కిటికీనుండి చూడగా పెరటివైపున ఆరవేసిన బట్టలు, కుండీలలోని మొక్కలు, అరుగులపై కూర్చున్న ముసలమ్మలు కనబడుదురు. 1920 లో ఈ రైలు కోనీ ద్వీపమువరకు 5 సెంట్ల టిక్కెట్టుపై రాసాగెను. అంతకు పూర్వము అచ్చటికి పోవుటకు కూలిజనము లెక్క చూచుకొనవలసి యుండెడిది. ఆ 5 సెంట్ల మూలమున కోనీ ద్వీపము పేదల సముద్రమయ్యెను. వేసవి ఆదివారములలో ఒక్కొక్కనాడు పదిలక్షలమంది వచ్చిరని ఆనాటి పత్రికలు వ్రాసెడివి. అంతమంది ఆ యిసుకలో ఎట్లు కూర్చుండిరో ఊహకందదు. పాత ఛాయాచిత్రములు చూచినచో మాత్రము నమ్మవలసివచ్చును. వానిలో ఇసుక కానరాదు, తలలే కానవచ్చును.

పేరున ద్వీపమే కాని నేడది ద్వీపము కాదు. ప్రధానభూమికిని దీనికిని నడుమనున్న పాయను కొంతమేర పూడ్చివేసిరి. సముద్రమునకు ముందే మాకు కనబడినది పెద్ద జెయింటు వీలు. 1920 నుండి తిరుగుచున్న ఈ చక్రము 150 అడుగుల యెత్తు. దానికి కొంచెము దూరమున 1927 లో కట్టిన సైక్లోను అను కొయ్య రోలర్ కోస్టరు ఇంకను గడగడలాడుచు పరుగెత్తుచున్నది. 2010 లో తెఱచిన క్రొత్త వినోదవనమొకటి పాతదాని పేరే పెట్టుకొని లూనా పార్కు అని పిలువబడుచున్నది. కావున కోనీ ద్వీపము పాడుపడినదని ఎవరైన అన్నచో నమ్మకుడు. పిల్లల కేకలు మేము వెళ్లిన దినమునను వీధి చివరివరకు వినవచ్చినవి. మేము వెదకుచు పోయినవి మాత్రము ఆ కేకలలో లేవు.

ఈ వేడుకలకు మొదలు 1884 లో లామార్కస్ థాంప్సను అనునాతడు ఇచ్చట వేసిన ఎగుడు దిగుడు రైలుబండి. గంటకు ఆఱు మైళ్ల వేగమట. మన జట్కాబండి అంతకంటె వడిగా పోవును. అయినను 5 సెంట్లిచ్చి దానిలో కూర్చుండుటకు జనులు బారులు తీర్చిరి. 1895 లో పాల్ బాయిటను అనునాతడు చుట్టును ప్రహరి పెట్టి, గుమ్మమున ప్రవేశరుసుము పుచ్చుకొని, లోపల సముద్రసింహములను ఆడించెను. గోడకట్టి టిక్కెట్టు పెట్టు వినోదవనములకు ఇదియే మొదటిదని చెప్పుదురు.

ఈ గోడ మాట మమ్ము కొంత ఆలోచనలో పడవేసినది. మా చిన్ననాడు గోదావరి యొడ్డున మా ఊరి తీర్థమునకు గోడ లేదు. రంగులరాట్నమువాడు నాలుగు కొయ్యగుఱ్ఱములను బండిపై వేసికొని వచ్చి, చెఱువుగట్టున పాతి, చేతితో త్రిప్పి, మూడవనాడు పెరికి తీసికొని పోయెడివాడు. వాడు పోయినందుకు ఎవరమును ఏడ్వలేదు. మఱుసటి యేడు వచ్చునని అందఱకును తెలియును. ఆడపిల్లలకు అట్లతద్దినాటి ఉయ్యాల ఉండనే యుండెను. తెల్లవారుజామున లేచి, గోంగూరపచ్చడితో అన్నము తిని, చీకటితోనే చింతచెట్టు క్రిందికి పరుగెత్తెడివారము. ఆ చెట్టు పోయినను ఊయల మఱియొక కొమ్మకు కట్టుకొనవచ్చును. గోడకట్టి నిలిపిన వేడుకకు ఆ సదుపాయము లేదు. దానికి స్థలము కావలెను, స్థలమునకు వెల యుండును, ఆ వెల యేటేట పెరుగును.

మూడు వనములలో పేరు గొప్పది లూనా పార్కు. ఫ్రెడరిక్ థాంప్సను, ఎల్మర్ డండీ అనువారిరువురు 1903 మే నెలలో దీనిని తెఱచిరి. రెండున్నర లక్షల విద్యుద్దీపములు పెట్టిరని ప్రసిద్ధి. ఆ కాలమున ఆ నగరములోనే పేదల గదులలో కిరసనాయిలు దీపములు, గ్యాసు దీపములు వెలుగుచుండెడివి. చీకటి గదిలో పదిమందితో కలిసి పండుకొను పిల్ల ఒకతె ఆదివారమునాడు ఆ ద్వారము ముందు నిలిచి తలయెత్తి చూచినపుడు ఆమెకేమి తోచి యుండునో ఊహించుకొనుడు. లోపల చంద్రలోకయాత్ర యను వింత యొకటి యుండెను; రెక్కల ఓడలో కూర్చుండబెట్టి, తెరలు కదలించి, చంద్రమండలమునకు పోయినట్లు భ్రమ కలిగించెడివారు. 1903 లో కర్జను ప్రభువు ఢిల్లీలో నడపిన దర్బారును సహితము మఱుసటి యేడు ఏనుగులతో ఇచ్చట అభినయించి చూపిరి. మన దేశపు వైభవమో పరాధీనతయో, రెండును సెంట్లకు అమ్ముడుపోయినవి.

ఏనుగు మాట వచ్చినది కావున ఒక్కటి దాచరాదు. ఆ వనము కట్టుచున్నపుడు బరువులు లాగిన టాప్సీ అను ఆడ యేనుగును, లొంగుట లేదని చెప్పి, 1903 జనవరిలో విషము పెట్టి, విద్యుత్తు పారించి చంపిరి. చలనచిత్రము గూడ తీసిరి. వినోదమని పేరుపెట్టిన ప్రతిచోటను ఏదో ఒక మూల ఇట్టిది ఉండునేమో.

రష్యా రచయిత గోర్కీ 1906 లో ఈ ద్వీపమునకు వచ్చెను. మనవారెందఱో చదివిన “అమ్మ” నవలను ఆయన అమెరికాలో నున్నపుడే వ్రాయుచుండెను. దూరమునుండి రాత్రివేళ కనబడిన దీపనగరమును చూచి ఆయన మురిసెనుగాని, లోనికి వచ్చిన పిమ్మట ఈ జనులకు విసుగే తప్ప ఆనందము లేదని తేల్చెను. అంత గొప్ప రచయితతో వాదించు శక్తి మాకు లేదు. కాని ఆఱు దినములు కుట్టుమిషను మీద వంగి కూర్చుండిన పిల్లలను ఆయన ఒకమారు అడిగియుండవలసినది.

1944 ఆగస్టులో నిప్పంటుకొని లూనా పార్కు సగమువరకు కాలిపోయెను. పిమ్మట మరల తలయెత్తలేదు. నేడచ్చట ఎత్తయిన నివాసగృహముల సముదాయమున్నది. దానికిని లూనా పార్కు అనియే పేరు. ఒక యిల్లాలు కూరల సంచితో లోనికి పోవుచుండగా మేము రోడ్డు కావలినుండి చూచితిమి.

ఇక మేము వచ్చిన పని. లూనా పార్కునకు పోటీగా 1904 లో డ్రీమ్‌లాండు, అనగా స్వప్నలోకము, వెలసెను. భవనములన్నియు తెల్లనివి. నడుమ 375 అడుగుల గోపురము, దానికి లక్ష దీపములు. ఈ రెండు వనములలోను అవధికి ముందు పుట్టిన శిశువులను గాజుపెట్టెలలో నుంచి చూపుచుండినవాడు మార్టిన్ కూనీ. పేరు ద్వీపపు పేరును పోలియున్నదికాని రెంటికిని సంబంధము లేదు. ఆయన ఐరోపానుండి వచ్చినవాడు. వైద్యుడనని చెప్పుకొనెనుగాని, ఆయన పట్టము పొందినట్లు తరువాతి పరిశోధకులకు ఆధారమేమియు దొరకలేదు. ఈ సంగతి వినగనే మా చెల్లెలు ఉలికిపడెను. మా అమ్మాయి మాత్రము, “పట్టమున్న వైద్యులు ఆ కాలమున బిడ్డను చూచి పెదవి విఱిచెడివారమ్మా” అని అడ్డువచ్చెను. అదియు నిజమే.

ఈ పెట్టెల పుట్టుక వంటయింటివారమగు మనకు సులభముగా బోధపడును. 1880 ప్రాంతమున పారిసు నగరమున టార్నియే అను ప్రసూతివైద్యుడు జంతుశాలలో కోడిగ్రుడ్లను పొదుగు పెట్టెను చూచి, అట్టిదియే నెలతక్కువ శిశువులకు చేయించెను. కూనీ తెచ్చిన పెట్టెలు లోహముతోను, గాజుతోను చేసినవి. క్రింద వేడినీళ్ల గొట్టములు. వెలుపలి గాలి వడగట్టబడి లోనికి వచ్చును. మన నాయనమ్మలు నెలతక్కువ పిల్లలను దూదిలో చుట్టి కుంపటి ప్రక్కన పరుండబెట్టెడివారు. ఉపాయము ఒక్కటే, ఇందులో వేడిమి హెచ్చుతగ్గులు లేక సమముగా నుండును. ఇట్టి పెట్టెలను కొని, రేయింబవళ్లు నర్సులను పెట్టుకొనుటకు ఆనాటి ఆసుపత్రులు ముందుకు రాలేదు. కూనీ జనులవద్ద టిక్కెట్టుకు 25 సెంట్ల చొప్పున పుచ్చుకొని ఆ వ్యయమును భరించెను. బిడ్డల తల్లిదండ్రులవద్ద ఒక్క సెంటైనను పుచ్చుకొనలేదు.

బయట ఒకడు నిలువబడి కేకలువేసి జనమును పిలిచెడివాడు. లోపల పరిశుభ్రత కఠినమైనది. పాలిచ్చు దాదులకు పథ్యము పెట్టిరి. ఆ ద్వీపమున ప్రసిద్ధమైన హాట్ డాగు అను మాంసపు పదార్థము గాని, సోడా గాని ముట్టినట్లు తెలిసినచో దాదిని ఆ పూటనే పంపివేసెడివారట. ఇది విని మా చెల్లెలి మనసు కూనీపట్ల కొంత మెత్తబడినది. బాలింత పథ్యము తెలిసినవాడు వైద్యుడైననేమి, కాకున్ననేమి! పెద్ద నర్సు లూయీజ్ రెక్ట్ అను నామె తన వ్రేలి వజ్రపుటుంగరమును తీసి, బిడ్డ చేతికి కంకణమువలె తొడిగి, మణికట్టు దాటించి, చూపరులకు ఆ చేయి ఎంత సన్ననిదో చూపెడిది. కొందఱు స్త్రీలు వారము వారము వచ్చి ఒకే బిడ్డ ముందు నిలిచి, ఎంత పెరిగినదో చూచుకొని పోయెడివారు. ఆ బిడ్డ వారికేమియు కాదు.

1907 లో కూనీ కుమార్తె హిల్డెగార్డు తానును నెల తక్కువగా పుట్టి, తండ్రి పెట్టెలోనే పెరిగి, పెద్దయై నర్సయి ఆ పనియే చేసెను. 1920 లో పుట్టిన యొక బాలికను ఆసుపత్రివారు బ్రతుకదనగా, తండ్రి తువాలులో చుట్టి టాక్సీలో కూనీ యొద్దకు తెచ్చెను. ఆమె 96 ఏండ్లు జీవించెను. కూనీ లెక్క ప్రకారము ఆయన పెట్టెలలోనికి వచ్చినవారు సుమారు 8,000 మంది శిశువులు, బ్రతికి బయటపడినవారు సుమారు 6,500 మంది.

1911 మే 27 వ తేదీ తెల్లవారకమునుపు డ్రీమ్‌లాండు కాలిపోయెను. నరకద్వారమను పడవ విహారమును మరమ్మతు చేయుచుండగా దీపములు ఆరిపోయి, మరగిన తారు ఒలికి మంటలు లేచినవి. తెల్లని భవనములని చెప్పితిమిగదా, లోపలంతయు కొయ్యయు, పైని సున్నపు పూతయునే. సింహమొకటి జూలు మండుచుండగా బయటపడి కొయ్యకొండ యెక్కెను. దానిని కాల్చి చంపవలసివచ్చెను. శిశువులు చనిపోయిరని మొదట పత్రికలో పడెనుగాని అది అసత్యము. నర్సులు, వైద్యులు పెట్టెలలోని పిల్లలనందఱను ఎత్తుకొని బయటికి తెచ్చిరి. ఒక్కరికిని హాని కలుగలేదు. వనము మరల కట్టబడలేదు. ఆ స్థలమున 1957 నుండి న్యూయార్కు మత్స్యప్రదర్శనశాల యున్నది.

ఆ మత్స్యశాల ముందు మేము చాలసేపు నిలిచితిమి. పాఠశాల పిల్లలు పసుపుపచ్చ చొక్కాలతో వరుసగా లోనికి పోవుచుండిరి. కూనీ నడపినదానికి ఆనవాలేదియు మాకు కనబడలేదు. మా అమ్మాయి బిడ్డను భుజముపై వేసికొని అటునిటు నడచుచు, “ఏ మూలనుండి తెచ్చిరో వాళ్లను” అని రెండుమార్లు అనెను. మే నెలలో ఆ యొడ్డున రాత్రిగాలి చల్లగనే యుండును. నర్సులు వారిని దేనితో కప్పిరో, ఎందాక నడచిరో.

మధ్యాహ్నము సముద్రపుటంచున పలకల నడవపై బల్లమీద కూర్చుండి డబ్బాలు విప్పితిమి. ఈ కొయ్యల దారిని 1923 లో తెఱచిరి. నేడు నాలుగు కిలోమీటర్లకు పైగా పొడవున్నది. ప్రక్క బల్లపై డెబ్బదియైదేండ్లు దాటిన ఒక వృద్ధురాలు ఒంటరిగా కూర్చుండి మా బిడ్డను చూచి నవ్వుచుండెను. పులిహోర పెట్టితిమి, మిరపకాయ తీసి ప్రక్కన పెట్టి తినెను. ఆమె ఆ పేటలోనే పుట్టి పెరిగినదట. మేము వచ్చిన పని విని ఆమె, “నాకు డ్రీమ్‌లాండు తెలియదు, లూనా పార్కు తెలియదు. నాకు తెలిసినది స్టీపుల్‌చేజ్” అని ఎడమవైపునకు చేయి చాచెను. అచ్చట బేసుబాలు ఆటస్థలము గోడ కనబడుచున్నది.

స్టీపుల్‌చేజ్ వనమును 1897 లో జార్జి టిల్యూ అనునాతడు తెఱచెను. ఇనుప పట్టాలపై కొయ్యగుఱ్ఱములు పందెముగా పరుగెత్తుట అందలి ముఖ్యమైన వేడుక. 1907 లో అదియంతయు కాలిపోగా, టిల్యూ మఱునాడే పలక కట్టించి, బూడిదను చూచుటకు 10 సెంట్లు వసూలు చేసెను! ఇట్టి గుండెగలవాడు కావుననే, గాజును ఇనుమును ఉపయోగించి పెద్ద వినోదశాలను మరల కట్టగలిగెను. వాన కురిసినను ఆట ఆగదు. ఒక్క టిక్కెట్టుతో అన్ని వేడుకలును ఎక్కవచ్చును. ఆ గుండ్రని అట్టను దారముతో మెడలో కట్టుకొన్నచో ఎక్కినపుడెల్ల ఒక తూటు పొడిచెడివారు.

గుఱ్ఱము దిగినవారు బయటికి పోవుదారిలో ఒక వేదికపైగా పోవలెను. అచ్చట నేలలోని రంధ్రములనుండి గాలి చిమ్మి స్త్రీల లంగాలను ఎగురగొట్టెడివారు. కోడంగి వేషధారి ఒకడు విద్యుత్తు కఱ్ఱతో పురుషులను అదలించెడివాడు. ఎదుట కూర్చుండి చూచువారు పగులబడి నవ్వెడివారు. ఇది విని మా చెల్లెలు ముక్కుపై వ్రేలు వేసికొనెను. మాకును అది వినోదముగా తోచలేదు, ఇప్పటికిని తోచుటలేదు. ఆ మాటయే ఆమెతో అంటిమి. ఆమె కోపపడలేదు. తన తల్లి కుట్టుపని కర్మాగారములో పనిచేసెడిదనియు, పెండ్లికి ముందు స్నేహితురాండ్రతో ఇచ్చటికి వచ్చునపుడు లంగా అంచునకు పిన్నీసులు పెట్టుకొని వచ్చెడిదనియు చెప్పెను. “అమ్మ ఇంటిలో నవ్వుట నేనెరుగను. గుఱ్ఱముపై నా వెనుక కూర్చుండి ఆమె నవ్విన నవ్వు నాకు వీపులో తెలిసెడిది” అనెను.

ఆమెయే మఱియొక మాటయు చెప్పెను. ఆ వనములోని ఈతకొలనులోనికి నల్లజాతివారిని రానీయలేదు. తనతో చదివిన నల్లజాతి పిల్ల యొకతెకు స్టీపుల్‌చేజ్ పేరెత్తిన నేటికిని ముఖము మారునట. “మేమిద్దఱము ఒకే వీధిలో పెరిగితిమి. పాతరోజులు తలచుకొనునపుడు మాత్రము ఒకే వీధిలో ఉండము” అని ఆమె కొంతసేపు ఊరకుండెను.

1964 సెప్టెంబరు 20 వ తేదీన స్టీపుల్‌చేజ్ చివరిసారిగా మూసిరి. ఆమె ఆ రాత్రి తల్లి ప్రక్కన నిలిచి యుండెను. 67 ఏండ్లకు 67 మార్లు గంట కొట్టిరి. ఒక్కొక్క వరుసగా దీపములార్పిరి. జనము తగ్గుటకు కారణములు పలువిధములు చెప్పుదురు. ఇంటింట మోటారుకార్లు వచ్చి దూరపు తీరములకు పోసాగిరి, టెలివిజను వచ్చెను, చుట్టుపట్ల పేటలు పడగొట్టి పెద్ద మేడలు కట్టిరి. 1965 లో ఆ స్థలమును కొన్నది ఫ్రెడ్ ట్రంపు అను గృహనిర్మాత, తరువాత అమెరికా అధ్యక్షుడైన డొనాల్డు ట్రంపు తండ్రి. 1966 లో ఆయన అతిథులను విందుకు పిలిచి, గాజు వినోదశాల అద్దములపై ఇటుకలు విసరించి, దానిని పడగొట్టించెను. మేడలు కట్టుటకు నగరమువారు సమ్మతింపకపోవుటచే నేల చాలకాలము బీడుగానుండి, 2001 లో బేసుబాలు ఆటస్థలమయ్యెను. కాలిపోయినదాని మాట చెప్పునపుడు వృద్ధురాలి గొంతు మామూలుగానే యుండెను. అద్దముల మాట చెప్పునపుడు మాత్రము చేతిలోని గిన్నెను బల్లపై పెట్టివేసెను.

ఆ వనములోని ఎల్‌డొరాడో అను రంగులరాట్నపు కథ మఱియును చిత్రము. 1907 లో జర్మనీలో చేయబడి, కోనీ ద్వీపమునకు వచ్చి, స్టీపుల్‌చేజ్ మూసిన పిమ్మట అది జపానువారికి అమ్ముడుపోయెను. 1971 నుండి టోక్యోలోని తోషిమాయెన్ అను వినోదవనములో తిరిగెను. 2020 ఆగస్టు 31 న ఆ వనమును మూసివేసిరి. ఒకే రంగులరాట్నమునకు రెండు ఖండములలో రెండు మార్లు ఇల్లు పోయినది.

ఇట్టివే మఱికొన్ని యున్నవి. 1962 లో తెఱచిన ఆస్ట్రోలాండు 2008 లో మూతవడెను; నేటి లూనా పార్కు దాని స్థలముననే యున్నది. 1925 లో కట్టిన థండర్‌బోల్టు అను రోలర్ కోస్టరును ఒక పాత యింటిమీదుగా నిర్మించిరి. ఆ యింటిలో యజమాని కుటుంబము కాపురముండెను. బండి పోయినపుడెల్ల కప్పు కదలుచుండగా ఆ యిల్లాలు పాలు ఎట్లు కాచుకొనెనో, బిడ్డను ఎట్లు నిద్రపుచ్చెనో అని మేము విస్తుపోతిమి. 2000 లో రెంటిని కలిపి పడగొట్టిరి.

స్టీపుల్‌చేజ్ వస్తువులలో నేటికిని కదలక నిలిచియున్నది పారాచూటు గోపురము. 1939 నాటి ప్రపంచప్రదర్శనమునకు కట్టి, 1941 లో ఇచ్చటికి తెచ్చిరి. పారాచూటులు ఏనాడో పోయినవి. 250 అడుగులకు మించిన ఇనుప కంకాళము మాత్రమున్నది. 1989 లో నగరము దానిని రక్షిత చిహ్నముగా ప్రకటించెను. ఈనాడు రాత్రులందు దానికి రంగుల దీపములు పెట్టుచున్నారు. దీపములు వెలుగువఱకు ఉండుడని వృద్ధురాలు బ్రతిమాలెను.

చీకటిపడువేళ దీపములు వెలిగినవి. బిడ్డ నోరు తెఱచి చూచెను. “పుట్టినపుడు ఎంత తూగినది?” అని వృద్ధురాలడిగెను. మా అమ్మాయి చెప్పెను. ఆమె తలయూచి, కూనీ ప్రదర్శనమును గూర్చి తన తల్లి చెప్పగా విన్నాననియు, 1943 లో ఆ నగరపు ఆసుపత్రి యొకటి అట్టి శిశువులకు ప్రత్యేకవిభాగము తెఱచిన పిమ్మట ఆయన తన ప్రదర్శనమును మానుకొనెననియు చెప్పెను. ఈ ద్వీపమున మూతపడినవానిలో, ఇక అక్కరలేదని తానై మూసికొన్నది అదియొక్కటేనని మాకు తోచెను.

తిరుగుబండిలో జనము పలుచగా నుండెను. మా అమ్మాయి చాలసేపు మాటలాడలేదు. పిమ్మట తన ఉంగరము తీసి, నిద్ర కళ్లతోనున్న బిడ్డ చేతికి తొడుగబోయెను. అది పిడికిలి దాటలేదు. మరల ప్రయత్నించెను, నాలుగు వ్రేళ్లయొద్దనే ఆగిపోయెను. బిడ్డ మేలుకొని ఉంగరమును పట్టి నోటిలో పెట్టుకొనబోగా, మా చెల్లెలు గబాలున లాగికొని, “నీకేమైన మతి యున్నదా, మ్రింగివేసిన?” అని కూతురిపై కేకలు వేసెను. రైలు నేలక్రిందికి దిగుచుండెను.